ఇరవై అంకెల సంఖ్యని కాగితం మీద విప్పడం ఎలా

నేను లెక్కల మాస్టార్ని కాదు. బాపట్ల దగ్గర ఒక రైస్ మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా చేశాను. చిట్టా, ఆవర్జా, కాటా చీటీలు, బస్తాల లెక్క, ఇదీ నా లోకం. నాకు వచ్చిన గణితమంతా ఆ పుస్తకాల్లో తప్పులు వెతుక్కుంటూ నేర్చుకున్నదే.

మొన్న వేసవి సెలవులకి మా మనవరాలు వచ్చింది. తొమ్మిదో తరగతిలోకి వెళ్తోంది. ఒకరోజు ఫోన్ పట్టుకొచ్చి, "తాతయ్యా, చదరంగం గళ్ళలో గింజల కథ ఉంది కదా, మొదటి గడిలో ఒకటి, రెండో దాంట్లో రెండు, తర్వాత నాలుగు... మొత్తం ఎన్ని అని కొడితే 1.8446744ఇ19 అని వస్తోంది. మధ్యలో ఈ 'ఇ' ఏంటి?" అంది. ఫోన్ చేతులెత్తేసిందని చెప్పాను. మొత్తం సంఖ్య నాకు నోటికి వచ్చు. అది విన్నాక ఆ పిల్ల అడిగిన రెండో ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. "సరే, దీన్ని ఏయే సంఖ్యలు భాగిస్తాయి?"

రెండు రోజులు పట్టింది. నాలుగు పొడుగు కాగితాలు, ఒక పెన్సిలు. ఫోన్ని సాక్షిగా మాత్రమే వాడాం, అదీ చిన్న గుణకారాలకే. మీరూ చేసి చూడాలనుకుంటే మేం పోయిన దారి ఇది.

ముందు సంఖ్యని తప్పు లేకుండా రాసుకోవాలి. నాకు ఇది నోటికి రావడానికి కారణం మా హైస్కూల్ తెలుగు మాస్టారు. పాతకాలంలో లెక్కల్ని తెలుగు పద్యాల్లో రాసిన కవి పావులూరి మల్లన. ఆయన గణితం పేరుతో నిలిచిన ఒక పద్యం మాచేత కంఠస్థం చేయించారు. అందులో అంకెలకి బదులు మాటలుంటాయి. వరసగా: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి శర అన్నా సాయక అన్నా 5. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చందమామే, ఆయన ఒక్కడే, 1. షట్కం 6. ఒంటికి తొమ్మిది రంధ్రాలు, 9. వియత్తు, గగనం అంటే ఆకాశం, అక్కడ ఏమీ లేదు, 0. నగం, భూధరం, గిరి అన్నీ కొండలే, కులపర్వతాలు ఏడు, 7. అగ్నులు 3. సముద్రాలు 4, వేదాలు 4, బ్రహ్మగారి ముఖాలు 4. తర్కాలు 6. దిక్కుల ఏనుగులు 8.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఈ మాటల్ని కుడి నుంచి ఎడమకి రాయాలి. మొదటి మాట ఒకట్ల స్థానం. 'అంకెల నడక ఎడమకి' అని పాతవాళ్ళ సూత్రం. అలా రాస్తే వచ్చేది:

1,84,46,74,40,73,70,95,51,615

చదవడం కూడా ఒక పనే. కుడి నుంచి ఏడేసి అంకెల దగ్గర కోటి గీత గీయండి. 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615. కోటికి పైన మనకి శంఖం, పద్మం అంటూ పేర్లున్నాయి గానీ ఒక్కో పుస్తకంలో ఒక్కో వరస. మిల్లులో కోటి దాటి చదివే అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి కోట్ల కోట్లతోనే సరిపెట్టుకుందాం.

పద్యాన్ని నమ్మేయకండి. నా జ్ఞాపకాన్ని అసలే నమ్మకండి. లెక్క కట్టి చూసుకోవాలి. 64 గళ్ళు ఒక్కొక్కటీ రాసి కూడాలా? అక్కర్లేదు. 1+2 అంటే 3, అది 4 కన్నా ఒకటి తక్కువ. 1+2+4 అంటే 7, అది 8 కన్నా ఒకటి తక్కువ. ఏ గడి దగ్గర ఆగినా అప్పటిదాకా కూడిన మొత్తం తర్వాతి గడికి ఒకటి తక్కువే. అరవై నాలుగు గళ్ళూ అయ్యాక అరవై అయిదో గడి ఉంటే అందులో ఉండాల్సినవి 2⁶⁴. మొత్తం దానికి ఒకటి తక్కువ. అంటే మన సంఖ్య 2⁶⁴ − 1. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి, సంఖ్య ఎంత పొడుగో అన్న భయం సగం ఇక్కడే పోతుంది.

2⁶⁴ కట్టడానికి అరవై నాలుగుసార్లు రెట్టించనక్కర్లేదు, ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2 వర్గం 4, దాని వర్గం 16, దాని వర్గం 256, దాని వర్గం 65,536, దాని వర్గం 429,49,67,296. ఇది 2³². ఇక ఒక్క వర్గం మిగిలింది. వెయ్యేళ్ళ క్రితం అల్ బిరూనీ అనే పండితుడు కూడా ఈ లెక్కని ఇలా వర్గాల మీదే నడిపించాడు.

ఆఖరి వర్గాన్ని నేరుగా చేయబోతే పది వరసల గుణకారం. మేం సంఖ్యని రెండుగా కోశాం. ఎడమ ముక్క 42949, కుడి ముక్క 67296. ఎడమ ముక్క వర్గం 184,46,16,601. దీన్ని వేగంగా చేయాలంటే 43000లోంచి 51 తీసేసినట్టు పెట్టుకోండి. రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 578,05,91,808. కుడి ముక్క వర్గం 452,87,51,616. మొదటిదాని పక్కన పది సున్నాలు, రెండోదాని పక్కన అయిదు సున్నాలు, మూడోది ఉన్నదున్నట్టు. ఒకదాని కింద ఒకటి కుడి అంచు కలిపి రాసి కూడితే:

1,84,46,74,40,73,70,95,51,616

ఒకటి తీసేస్తే 615తో ముగుస్తుంది. పద్యం నిలబడింది. మనవరాలి మొహం చూడాలి మీరు!

ఇక్కడ గీతల కాగితం ముఖ్యం. ఒక్క సున్నా పక్కకి జరిగితే అంతా పాడవుతుంది. మిల్లులో నాకు అలవాటైన రెండు పరీక్షలు ఇక్కడ పెట్టాను, మీరూ పెట్టండి.

మొదటిది తొమ్మిదుల పరీక్ష. అంకెలన్నీ కూడి, ఒక అంకె మిగిలేదాకా మళ్ళీ కూడాలి. 2³² అంకెల మొత్తం 58, అంటే 13, అంటే 4. 4 వర్గం 16, అంటే 7. జవాబు అంకెల మొత్తం 88, అంటే 16, అంటే 7. సరిపోయింది.

కానీ ఈ పరీక్ష ఒక రకం దొంగని పట్టుకోలేదు. ఒక ఏడాది మార్చి ఆఖర్న మిల్లు ఆవర్జాలో 540 రూపాయల తేడా వచ్చింది. మూడు రాత్రులు కూర్చున్నాను. మా పాత గుమాస్తా ఒకాయన వచ్చి, "తేడా తొమ్మిదితో పోతోందిరా, ఎక్కడో అంకెలు అటూ ఇటూ చేశావ్, అలాంటివే చూడు" అన్నాడు. పావుగంటలో దొరికింది. 1,820 రాయాల్సిన చోట 1,280 రాశాను. అంకెలు తారుమారైతే మొత్తం మారదు కాబట్టి తొమ్మిదుల పరీక్ష దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. తేడా మాత్రం ఎప్పుడూ తొమ్మిదికి గుణిజమే.

అందుకని రెండోది, పదకొండు పరీక్ష. కుడి నుంచి మొదటి, మూడో, అయిదో... అంకెలు ఒక కూడిక. రెండో, నాలుగో, ఆరో... అంకెలు ఇంకో కూడిక. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి, అవసరమైతే పదకొండులు కలిపో తీసేసో చిన్నది చేసుకోవాలి. 2³²కి 20 − 38 = −18, ఇరవై రెండు కలిపితే 4. 4 వర్గం 16, అంటే 5. జవాబుకి 63 − 25 = 38, ముప్ఫై మూడు తీసేస్తే 5. నిజం చెప్పాలంటే మొదటిసారి నేను శుభ్రంగా రాసుకునేటప్పుడు 73709ని 37709 అని దింపాను. తొమ్మిదులు పాస్ చేసేశాయి. పదకొండు దగ్గర 5 రావలసిన చోట 8 వచ్చింది. వయసు మీద పడ్డా పాత తప్పులు పోవు.

మా అబ్బాయి మధ్యలో వచ్చి లాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఇదే సంఖ్య కొట్టాడు. చివరి అయిదు అంకెలూ సున్నాలైపోయాయి. అలాంటి చోట 15 అంకెల వరకే నిలుస్తాయి, మిగతావి రాలిపోతాయి. తూకానికైతే ఫర్వాలేదు. కానీ ఒక సంఖ్యని ఏది భాగిస్తుందో తేల్చేటప్పుడు చివరి అంకె పోతే అంతా పోయినట్టే. సున్నాతో ముగిసింది కాబట్టి పదితో భాగించబడుతుందని అది చెబుతుంది. శుద్ధ అబద్ధం. అందుకే కాగితం.

తూకం అన్నాను కాబట్టి ఒక్క మాట. గింజలంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఇంట్లో ఉన్న సాంబ మసూరి, అదే మా బాపట్ల పరిశోధన స్థానంలో పుట్టిన బి.పి.టి. 5204, పది గ్రాములు తూచి లెక్కబెట్టాం. మా లెక్కకి 880 గింజలు. కిలోకి 88,000. ఆ చొప్పున చదరంగం బల్ల మీద బియ్యం సుమారు 21,000 కోట్ల టన్నులు. దేశం మొత్తం ఈమధ్య ఏడాదికి పండించేది 14, 15 కోట్ల టన్నులు. పద్నాలుగు వందల ఏళ్ళ పంట. మీ ఇంట్లో లావు బియ్యం ఉంటే ఇంకా ఎక్కువే వస్తుంది, తూచి చూసుకోండి.

సరే, భాగించే సంఖ్యల సంగతి. తేలికవి ముందు. చివర 5 ఉంది, 5 భాగిస్తుంది. చివరి రెండంకెలు 15 కాబట్టి 25 భాగించదు. ఇంకోటి, ఇది ఏ సంఖ్యకీ వర్గం కాదు. 5తో ముగిసే వర్గం ఏదైనా 25తోనే ముగియాలి. అంకెల మొత్తం 87, కాబట్టి 3 భాగిస్తుంది, 9 భాగించదు.

7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బకి చూసే ఉపాయం ఉంది. ఆ మూడింటి లబ్ధం 1001. ఇక్కడ మన కామాలు పనికిరావు, కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి: 18, 446, 744, 073, 709, 551, 615. కుడి నుంచి ఒకటి కలుపుతూ, ఒకటి తీసేస్తూ పోవాలి.

615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016

1001 తీసేస్తే 15. ఇరవై అంకెల సంఖ్య 15 అయిపోయింది. 15ని 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2. పెద్ద సంఖ్యకీ ఇవే శేషాలు. మూడూ భాగించవు.

ఇలా 17, 19, 23 అంటూ పోవచ్చు గానీ ఎంతసేపు? మనవరాలు అడిగింది, "దీనికి అసలు భాగించకుండానే చెప్పే దారి లేదా?" ఉంది. నేను ముందు పట్టుకోమన్న ముక్క అందుకే.

ఏదైనా బేసి ప్రధాన సంఖ్య తీసుకోండి. 2తో మొదలుపెట్టి రెట్టిస్తూ పోండి, ప్రతిసారీ ఆ ప్రధాన సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకోండి. 1 వచ్చిందంటే ఒక చుట్టు పూర్తయినట్టు. 5తో చేస్తే 2, 4, 3, 1. చుట్టు పొడవు 4. 7తో చేస్తే 2, 4, 1. పొడవు 3. 17తో 2, 4, 8, 16, 15, 13, 9, 1. పొడవు 8. 3తో అయితే 2, 1, అంతే.

2⁶⁴ అంటే ఈ చుట్టు మీద అరవై నాలుగు అడుగులు. సరిగ్గా 1 దగ్గర ఆగితేనే 2⁶⁴ − 1కి శేషం సున్నా. అలా ఆగాలంటే చుట్టు పొడవు 64ని నిశ్శేషంగా భాగించాలి. 64ని భాగించేవి 1, 2, 4, 8, 16, 32, 64 మాత్రమే. 7 చుట్టు 3, అది 64లో ఇమడదు. 11 చుట్టు 10, 13ది 12, 19ది 18. ఏదీ ఇమడదు. ఇందాక చేసిన 1016 లెక్క కూడా ఇదే చెప్పింది కదా, రెండు దారులూ ఒకచోటే కలిశాయి. అలా కలిస్తే గుమాస్తాకి రాత్రి నిద్ర పడుతుంది.

ఈ చుట్టుకి ఇంకో గుణం ఉంది. దాని పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్యకి ఒకటి తక్కువైనదాన్ని భాగిస్తుంది. 5కి 4, 7కి 3 (6ని భాగిస్తుంది), 17కి 8 (16ని భాగిస్తుంది). ఫ్రాన్సులో ఫెర్మా అనే న్యాయాధికారి 1640లో ఈ సంగతి చెప్పాడు. మనకి కాసేపట్లో ఇదే ఆయుధం.

ఇప్పుడు కోత. ఎనిమిదో తరగతిలో చెప్పే సూత్రమే: రెండు వర్గాల తేడా అంటే వాటి మూలాల మొత్తం, తేడాల లబ్ధం. 2⁶⁴ అంటే 2³² వర్గం, 1 అంటే 1 వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² − 1) × (2³² + 1)

కుడి ముక్కని పక్కన పెట్టి ఎడమ ముక్కని మళ్ళీ ఇలాగే కోయండి. మళ్ళీ, మళ్ళీ. మొత్తం ఆరుసార్లు కోశాక ఎడమ పక్కన 2 − 1, అంటే 1 మిగులుతుంది. పక్కన పెట్టినవన్నీ ఏరుకుంటే:

3 × 5 × 17 × 257 × 65,537 × 429,49,67,297

ఎక్కడా భాగహారం చేయలేదు, గమనించండి. 3, 5, 17 ప్రధాన సంఖ్యలే. 257కి 7, 11, 13 వరకు చూస్తే చాలు (శేషాలు 5, 4, 10), అదీ ప్రధానమే.

65,537 దగ్గర మామూలుగా అయితే 256 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. యాభై పైచిలుకు ఉంటాయి. చుట్టు గుణం వాడితే పని తప్పుతుంది. 65,537 అంటే 2¹⁶ + 1. దాన్ని ఒక ప్రధాన సంఖ్య భాగించిందంటే పదహారో అడుగున శేషం −1 (అంటే నిశ్శేషం కావడానికి ఒకటి తక్కువ), ముప్ఫై రెండో అడుగున 1. సగంలో −1 ఉంది కాబట్టి చుట్టు ఇంకా చిన్నది కాలేదు, పొడవు సరిగ్గా 32. అంటే ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 32తో పోవాలి. 1878లో ఎడ్వర్డ్ ల్యుకా అనే ఫ్రెంచి లెక్కలాయన ఇంకో మెట్టు బిగించి, 32 కాదు 64తో పోవాలి అని చూపించాడు. 64తో భాగిస్తే 1 మిగిలేవి, 256 లోపు: 65, 129, 193. మొదటిది 5తో పోతుంది, రెండోది 3తో. ప్రధాన సంఖ్య 193 ఒక్కటే. 65,537ని 193తో భాగిస్తే శేషం 110. అయిపోయింది, 65,537 ప్రధాన సంఖ్య. యాభై భాగహారాలకి బదులు ఒక్కటి!

(ఈ ల్యుకానే 1883లో హనోయ్ టవర్ అనే బొమ్మాట తీసుకొచ్చాడు. ఒక కడ్డీ మీది బిళ్ళల్ని ఇంకో కడ్డీకి మార్చాలి, పెద్దది చిన్నదాని మీద పెట్టకూడదు. 64 బిళ్ళలుంటే కనీసం ఎన్నిసార్లు కదపాలి? మన సంఖ్యే.)

ఇక మిగిలింది 429,49,67,297. 3, 5, 17, 257, 65,537 ఇలా వరసగా ప్రధానాలే వచ్చాయి కదా, దీనికీ అదే జాతకం అని ఫెర్మా నమ్మాడు. ఈ వరసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. మీరూ నేనూ అయితే అలాగే అనుకునేవాళ్ళం. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, 1732లో ఆయిలర్ అనే లెక్కలాయన దాన్ని పగలగొట్టాడు.

ఎలాగో మనమే చేద్దాం. ఇది 2³² + 1. భాగించే ప్రధాన సంఖ్యకి చుట్టు పొడవు 64 కావాలి. ఆయిలర్ దగ్గర ల్యుకా బిగింపు లేదు, కాబట్టి ఆయన దారినే పోదాం. 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు: 193, 257, 449, 577, 641... ఒక్కొక్కటీ పరీక్షించాలి. పది అంకెల సంఖ్యని భాగించనక్కర్లేదు, ఇందాకటిలా వర్గాలు చేస్తూ శేషాలు ఉంచుకుంటే చాలు. 193తో: 256కి శేషం 63. 63 వర్గం 3,969, శేషం 109. 109 వర్గం 11,881, శేషం 108. ఇది 2³² శేషం. ఒకటి కలిపితే 109, సున్నా కాలేదు. 193 పనికిరాదు. మా మనవరాలు 257, 449, 577 కూడా ఇలాగే చేసి కొట్టేసింది.

641తో: 256 అలాగే ఉంటుంది. దాని వర్గం 65,536లోంచి 641 × 102 తీసేస్తే 154. 154 వర్గం 23,716లోంచి 641 × 36 తీసేస్తే 640. ఒకటి కలిపితే 641. శేషం సున్నా!

మూడు చిన్న లెక్కలు. భాగఫలం 67,00,417. వెనక్కి గుణించి చూసుకోండి, ఇది ఒక్కటి పూర్తిగా చేత్తో చేయదగ్గ గుణకారం.

ఇదంతా కూడా లేకుండా 641ని చూసీ చూడగానే ఒప్పించే దారి ఇంకోటి ఉంది. అది నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన ముక్క. 641 అంటే 5 × 128 + 1. అదే 641 అంటే 625 + 16 కూడా. 128 అంటే 2⁷, 625 అంటే 5⁴, 16 అంటే 2⁴. మొదటిదాని ప్రకారం, 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ శేషం −1. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² శేషం 1. అంటే 2³² + 1కి శేషం సున్నా. ఒక చీటీ వెనక పట్టే లెక్క.

67,00,417 ఇంకా విరుగుతుందా? వర్గమూలం 2,588 చిల్లర. అంతవరకు 370కి పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. దీన్ని భాగించేది ఏదైనా 2³² + 1ని కూడా భాగించాలి కాబట్టి, ల్యుకా బిగింపు ప్రకారం దాన్ని 128తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి 2,588 లోపు ఇరవై. ఆ ఇరవైలో ప్రధానాలు అయిదే: 257, 641, 769, 1153, 1409. భాగించి చూశాం. శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. విరగదు. కాబట్టి:

1,84,46,74,40,73,70,95,51,615 = 3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఇక్కడ మీకో హెచ్చరిక చేయాలి. ఈ పద్ధతి చూసి ఏ ఇరవై అంకెల సంఖ్యనైనా ఇలా విప్పేయొచ్చు అనుకోకండి. మా మనవరాలు ఆ ఉత్సాహంలో కళ్ళు మూసుకుని ఇరవై అంకెలు గిలికి ఇచ్చింది. 3, 7, 11, 13 చూశాం, ఇంకో నాలుగు చూశాం, సాయంత్రానికి ఆగిపోయాం. దానికి పుట్టుక తెలియదు, కాబట్టి కోయడానికి సందు లేదు. వర్గమూలం దాకా పోవాలంటే, మన సంఖ్య సైజుకి 429 కోట్ల లోపు ప్రధాన సంఖ్యలు సుమారు 20 కోట్లు. సెకనుకి ఒక భాగహారం చొప్పున రాత్రీ పగలూ చేసినా ఆరేళ్ళు పైనే. కంప్యూటరుకి ఇదో లెక్క కాదు గానీ, కాగితం మీద మాత్రం ఎదురుగా ఉన్న సంఖ్య ఎలా తయారైందో తెలిస్తేనే దిగండి. ఒకటి తక్కువ ఘాతాలు, 999...9లు, 111...1లు ఇలాంటివి పట్టుకోండి.

చివరి పని, భాగించేవి మొత్తం ఎన్ని? ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. భాగించే సంఖ్య ఒకటి తయారు చేయాలంటే ఏడింటిలో ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో. వరండాలో ఏడు లైటు స్విచ్‌లున్నట్టు. ఏడుసార్లు రెట్టిస్తే 128. దీని పక్కింటి సంఖ్య, 616తో ముగిసేది, ఒక్క గింజే ఎక్కువ, దాన్ని భాగించేవి 65 మాత్రమే, అన్నీ 2 ఘాతాలే. పక్కపక్క ఇళ్ళే గానీ చుట్టరికం ఏమీ లేదు.

128ని జతలుగా రాస్తే 64 జతలు. చదరంగం గళ్ళన్ని! ఇది కాకతాళీయమే, మరీ మురిసిపోకండి. జతలు రాయడానికి చిట్కా: 67,00,417 ఉన్నవి ఒకవైపు, లేనివి ఇంకోవైపు పెట్టుకుంటే ఒక్కటీ జారిపోదు. మనవరాలు నా పాత చిట్టా వెనక పేజీల్లో అరవై నాలుగూ వేసింది. మొదటి జత 1, మొత్తం సంఖ్య. తర్వాత 3, 6,14,89,14,69,12,36,51,72,05. అక్కడ నేను ఆపి కామాలు సరిచేశాను, 61,489 కోట్ల కోట్లు, 14,69,123 కోట్లు, 65,17,205 అని చదివించాను. జతలో చిన్నది పెరుగుతూ, పెద్దది తరుగుతూ ఒకదానికొకటి దగ్గరవుతూ వచ్చాయి. అన్నిటికన్నా దగ్గరగా నిలిచిన జత ఏదో ముందే చెప్పమంటే చెప్పలేకపోయింది. రాశాక చూస్తే మేం మొదటిసారి కోసిన ముక్కలే, 429,49,67,295, 429,49,67,297. మధ్య తేడా రెండు.